ముప్ఫై రెండు వందలు

జనవరి 9

వదిన గారికి,

కాలు ఒకచోట నిలవకుండా రాస్తున్న ఉత్తరం ఇది. అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటే నన్ను కాదు, నా సంతోషాన్ని తిట్టుకోండి.

ఉద్యోగం వచ్చింది వదినా! మీ ఊళ్ళోనే. కట్టుడు పళ్ళు చేసే పెద్ద ల్యాబు. నాలుగు అంతస్తులట, అందులో ఒక అంతస్తంతా మైనం పనేనట. ఇక్కడ డాక్టరుగారి వెనక గదిలో, చిన్న స్టవ్వు మీద మైనం కరిగించుకుంటూ, ముసలివాళ్ళ చిగుళ్ళ అచ్చుల మీద ఒక్కో పన్నూ పేర్చుకుంటూ తొమ్మిదేళ్ళు గడిపాను. ఊళ్ళో సగంమంది నవ్వుతున్నది నేను చేసిన పళ్ళతోనే. ఆ సంగతి ఒక్కరికీ తెలీదు. అంతా డాక్టరుగారి హస్తవాసి అనుకుంటారు.

జీతం ఎంతో తెలుసా? నెలకు ముప్ఫై రెండు వందలు. నోట్లో పళ్ళెన్నో అన్ని వందలు! మీ తమ్ముడు మిల్లు బాయిలర్ దగ్గర ఒళ్ళు మాడ్చుకుని నెలనెలా నా చేతిలో పెట్టే పదిహేను వందలకి రెట్టింపు కన్నా ఎక్కువ. ఆ మాట ఆయనతో అనేశాను కూడా. చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తూ "మంచిదేగా" అన్నారు. అంతే. ఆ మనిషి సంగతి మీకు తెలియందేముంది.

నేను మార్చి ఒకటిన చేరాలి. ఈ నెలాఖరులోపు ఆయన రాజీనామా కాగితం ఇస్తే మిల్లువాళ్ళు ఫిబ్రవరి ఆఖరుకి వదిలిపెడతారు. క్వార్టర్ తాళాలు కూడా ఆ రోజే ఇచ్చెయ్యాలి. అందుకే ఇంత హడావిడి.

ఖర్చులన్నీ వేసి చూసుకున్నాను. తిండికి ఎనిమిది వందలు, మా పిడుగు బడికి రెండు వందలు, తర్వాత బస్సులు, సబ్బులు, మందూమాకూ. ఎంత ధారాళంగా వేసినా పదిహేను వందలు దాటలేదు. సగానికి సగం మిగులుతోంది! తప్పేమోనని మళ్ళీ కూడాను. తప్పు లేదు. కాబట్టి ఆయన అక్కడికొచ్చి ఉద్యోగం కోసం పరిగెత్తక్కర్లేదు. పదకొండేళ్ళుగా పండగా పబ్బం లేకుండా ఆ మంట ముందు నిలబడ్డ మనిషి, ఓ ఆరు నెలలు కాళ్ళు చాపుకుని పడుకోనివ్వండి.

మొదట్లో రెండు మూడు నెలలు మీ ముందు గదిలో సర్దుకుంటాం. పరాయివాళ్ళమా ఏం.

పిడుగుకి పైపన్ను ఊడింది. మైనంతో ఇంకోటి చేసి పెట్టమని నా చుట్టూ తిరుగుతోంది. ఏడేళ్ళకే కట్టుడు పన్ను అడిగే పిల్ల ఎక్కడైనా ఉందా చెప్పండి.

అన్నయ్యగారికి నమస్కారాలు. అక్కడి ధరలు సరిచూసి వెంటనే రాయండి.

సంబరం పట్టలేని
మీ మరదలు


జనవరి 13

మా పళ్ళ డాక్టరమ్మకి,

నీ ఉత్తరం చదివి నేను అరిచిన అరుపుకి కింద వాటా వాళ్ళు కంగారుపడి పైకొచ్చారు. వాళ్ళకీ చెప్పాను, "మా తమ్ముడి భార్య, నా మరదలు, పెద్ద ల్యాబులో ఉద్యోగం" అని. నేను కర్టెన్లు కుట్టిచ్చే కొట్లో కూడా చెప్పాను. కొట్టాయన తన పళ్ళ సెట్టు వదులైందని, నువ్వు రాగానే చూపిస్తానని ఇప్పుడే వరసలో నిలబడ్డాడు.

ఇక పుల్ల విరిచినట్టు ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకు. ముప్ఫై రెండు వందలు కాగితం మీదా, చేతికా?

మీ అన్నయ్య బస్సు డిపోలో చేరినప్పుడు మేమూ ఇలాగే గంతులేశాం. రెండువేల ఎనిమిది వందలని ఉత్తర్వులో రాసుంది. దాన్ని నమ్ముకుని కుర్చీలు కూడా కొన్నాం. ఒకటో తారీఖు కవరు విప్పితే పంతొమ్మిది వందల చిల్లర. లెక్క తప్పిందేమోనని ఆయన వెనక్కి వెళ్ళి అడిగితే, కౌంటర్లో అతను నవ్వి "అంతే వస్తుంది సార్" అన్నాడట. భవిష్యనిధి అని కొంత, బీమా అని కొంత, పన్ను, యూనిఫారం. కొన్నిచోట్ల కంపెనీవాళ్ళు తాము కట్టే వాటాని కూడా మన జీతంలోనే కలిపి చూపిస్తారట. అది మన కంటికి కనబడుతుంది, చేతికి రాదు. అందుకని నా మాట విని, మూడో వంతు పోతుందనుకో. రెండువేల ఒక వందే వస్తుందనుకుని మళ్ళీ లెక్క వెయ్యి. ఎక్కువొస్తే సంతోషమే కదా.

ఇంకోటి. మార్చి ఒకటిన చేరితే మొదటి జీతం మార్చి ఆఖర్లో గానీ రాదు. ఆ నెలంతా తినాలి, తిరగాలి. ఇల్లు తీసుకుంటే ఐదు నెలల అద్దె ముందే కట్టమంటారు. మీ దగ్గర దాచిన డబ్బుంటుంది కదా, ఎంతుందో నాకు రాయి.

అన్నట్టు నీ ఖర్చుల్లో అద్దె ఎక్కడ? రెండుసార్లు చదివాను, నాకు కనబడలేదు. ఇక్కడ గదీ వంటిల్లూ ఉన్న ఇల్లు ఎనిమిది వందలకి తక్కువ లేదు.

వాడిచేత తొందరపడి కాగితం ఇప్పించకు. చేతికి ఎంతొస్తుందో ముందు తేలనీ. ఆ తర్వాత చూద్దాం.

పిడుగుని ముద్దాడానని చెప్పు.

నీ మంచి కోరే
వదిన


జనవరి 19

వదిన గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఇంట్లో అంతా క్షేమం.

మీరు కాగితం, చెయ్యి అంటే ల్యాబు వాళ్ళు ఇచ్చిన ఉత్తర్వు మళ్ళీ తీసి చదివాను. "మొత్తం ముప్ఫై రెండు వందలు, నిబంధనల ప్రకారం" అని స్పష్టంగా టైపు చేసి పంపారు. మొత్తం అంటే మొత్తమే కదా. డిపో వేరు, ల్యాబు వేరు. అందరి కవర్లూ చిక్కిపోవు వదినా.

అద్దె రాయలేదన్నారు. పదకొండేళ్ళుగా మేం అద్దె అన్నమాటే ఎరగం. ఇల్లు మిల్లువాళ్ళే ఇచ్చారు, కరెంటు వాళ్ళదే, నీళ్ళు వాళ్ళవే, స్టోర్లో సరుకులు కూడా వాళ్ళవే. అయినా నేను రాయకపోవడానికి కారణం అది కాదు. మీ ముందు గది ఉంది కదా అనుకున్నాను. మూడు పేజీలు రాశారు, కొట్టాయన పళ్ళ గురించి కూడా రాశారు, ముందు గది గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. నేను చిన్నపిల్లని కాదు, అర్థమైంది.

దాచిన డబ్బు ఎంత అని అడిగారు. పదిహేను వందల్లో ఏం దాస్తారు? మీ తమ్ముడి సంపాదన మీకు తెలియనిదా?

ఆయన్ని అడిగాను, మీ అక్కయ్య ఇలా అంటున్నారు, మీరేమంటారని. "నీ ఇష్టం" అన్నారు. కోపమా, సంతోషమా? ఆ ముఖమూ, బాయిలర్ మీద ఒత్తిడి చూపే గేజీ ఒకటే, సూది కదిలితే తప్ప లోపలేం జరుగుతోందో తెలీదు. మా ఇంట్లో ఆ సూది కదిలి చాలా ఏళ్ళయింది.

మనసులో మాట చెప్పేస్తాను. ఈ ఇంట్లో మొదటిసారి నాకొకటి వచ్చింది. అందరూ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఎక్కడ సొట్ట ఉందా అని చూస్తున్నారు.

ఉంటాను.
మీ మరదలు


జనవరి 24

మరదలికి,

నీ ఉత్తరం చదివి ఓ పూట ఏమీ రాయలేకపోయాను. కోపం కొంత, నువ్వన్న దాంట్లో నిజం కొంత. ముందు గది గురించి నేను నీళ్ళు నమిలిన మాట నిజమే. ఎందుకో చెప్తాను విను.

మా ఇంటి యజమాని అద్దె ఇంటికి కాదు, తలలకి వేస్తాడు. రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర కుర్చీ వేసుకు కూర్చుని, ఎవరింట్లోంచి ఎన్ని తలలు బయటికొచ్చాయో చూస్తాడు. చుట్టాలొస్తే వారం దాకా ఊరుకుంటాడు. ఆ తర్వాత తలకి అరవై. ఒక తలైతే సరే, అంతకు మించితే గది ఖాళీ చెయ్యమంటాడు. పోయినేడు పక్క వాటా వాళ్ళని అలాగే పంపించేశాడు. నువ్వు వస్తానని సంబరంగా రాస్తే, "మా ఇంటాయన ఒప్పుకోడు" అని రాయడానికి నాకు తల కొట్టేసినట్టయింది. అందుకని రాయలేదు. రాయకపోవడమే ఇంకా చెడ్డదైంది.

ఇప్పుడు అసలు సంగతి. నీ ల్యాబులో ఇవాళ జీతాల రోజని మీ అన్నయ్య కనుక్కొచ్చారు. సాయంత్రం వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ నన్ను పైకీ కిందికీ చూసి "యూనియనా?" అన్నాడు. "కాదు నాయనా, చుట్టాన్ని" అన్నాను. జుట్టు మీద ప్లాస్టర్ పొడితో ఆడవాళ్ళు గుంపుగా బయటికొచ్చారు. ఒక కళ్ళద్దాలావిడ నెమ్మదిగా కనబడితే ఆపి అడిగాను. "మా మరదలు మైనం పనిలో చేరబోతోందమ్మా, ముప్ఫై రెండు వందలన్నారు, చేతికి ఎంత వస్తుంది?"

ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇరవై రెండు నలభై" అంది. "కొత్తవాళ్ళందరికీ అంతే. భవిష్యనిధి మన వాటా, కంపెనీ వాటా రెండూ అందులోవే. బీమా, వ్యాను. ఇవి కాక పనిముట్ల డిపాజిట్ అని నెలకి మూడు వందలు ఆరు నెలలు పట్టుకుంటారు. తర్వాత తిరిగిస్తారు గానీ ముందైతే ఉండదు." ఇంకో ఇద్దరు కూడా అదే మాట అన్నారు.

నేను అడ్డం పడుతున్నాననుకోకు. నువ్వు రావాలి. కానీ రెండువేల రెండొందల నలభైలో ఎనిమిది వందలు అద్దెకి పోతే, వాడికి పని లేకపోతే, చేతిలో దాచింది లేకపోతే ఎలా? కాగితం ఇవ్వనివ్వకు తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను.

ఈ ఉత్తరం నాలుగు రోజులకి గానీ అందదని భయమేసి మిల్లు టైమాఫీసుకి ఫోన్ చేశాను. "ఎవరైనా పోయారా?" అన్నాడు అతను. "లేదు" అన్నాను. "అయితే ఈ ఫోన్ అందుకు కాదండి" అని పెట్టేశాడు. పోయారని అబద్ధమాడాల్సింది. నోరు రాలేదు.

నీ వదిన


జనవరి 27

వదిన గారికి,

నాలుగు మాటలే.

ఇవాళ పొద్దున ఆయన రాజీనామా ఇచ్చేశారు. నేను పోరు పెట్టలేదు. షిఫ్టుకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అయితే ఇచ్చెయ్యనా?" అన్నారు. "మీ ఇష్టం" అన్నాను. ఆయన మాట ఆయనకే అప్పజెప్పినట్టు. మధ్యాహ్నానికి కాలనీ అంతా తెలిసిపోయింది. ఇంజినీరుగారి భార్య కూడా వచ్చి, పదకొండేళ్ళ సర్వీసు వదులుకుంటున్నారా అని నోరు వెళ్ళబెట్టింది.

మీరు మీ గది గురించి బాధపడక్కర్లేదు. వారం రోజులు లాడ్జీలో ఉండి ఇల్లు వెతుక్కుంటాం. ముప్ఫై రెండు వందలు తెచ్చుకునేదాన్ని, ఆ మాత్రం చేసుకోలేనా?

పిడుగు మీకు ఊడిన పన్ను పంపుతానంది. వద్దన్నాను.

మీ మరదలు


జనవరి 29

వదిన గారికి,

మీ ఇరవై నాలుగో తారీఖు ఉత్తరం నిన్న అందింది. కోపంతోనే రాస్తున్నాను.

గేటు దగ్గర నిలబడి నా జీతం అడిగారా? వాచ్‌మన్‌తో, దారిన పోయేవాళ్ళతో? నేనింకా ఆ గుమ్మంలో కాలు పెట్టలేదు. అప్పుడే అక్కడ నేను ఎవరినో తెలుసా? "డబ్బుకోసం చుట్టాల్ని పంపించిన అమ్మాయి." రేపు ఆ కళ్ళద్దాలావిడ పక్కనే కూర్చుని పని చెయ్యాలి నేను. ఏ ముఖం పెట్టుకుని కూర్చోను? పుట్టింటి మీద ప్రేమ ఉంటే తమ్ముడికి ఉత్తరం రాసుకోండి. నా ఉద్యోగం మీద కాపలా కాయమని మిమ్మల్ని నేను అడగలేదు.

ఆవిడ చెప్పిన లెక్క నేను నమ్మను. ఒకవేళ నిజమే అయినా, ఇరవై రెండు నలభై కూడా పదిహేను వందల కంటే ఎక్కువే కదా. మరి ఎందుకీ గోల? ఇప్పుడు పదిహేను వందల్లోనే ముగ్గురం


జనవరి 31

వదినా,

పైన రాసింది చింపెయ్యాలనుకున్నాను. చింపలేదు. నేను ఎక్కడ ఆగానో మీకు కూడా తెలియాలి.

ఆ రోజు మధ్యలో ఆపి స్టోర్‌కి వెళ్ళాను. సబ్బులు, నూనె, పిండి, మామూలుగా తెచ్చుకునేవే. స్టోరాయన అన్నీ సంచీలో పెట్టి, సంచీ తనవైపే ఉంచుకుని "డబ్బులమ్మా" అన్నాడు.

"ఎప్పుడూ అడగనిది ఇవాళేంటి?"

"అయ్యగారు రాజీనామా ఇచ్చారు కదమ్మా. ఇక జీతంలో పట్టుకోవడానికి వీల్లేదు. ఆఫీసు నుంచి మాట వచ్చేసింది."

"జీతంలో పట్టుకోవడమేంటి? ఇది మిల్లు ఇచ్చే సరుకు కదా?"

అతను వెటకారం చెయ్యలేదు. అదే నాకు ఇంకా సిగ్గేసింది. "మిల్లు అగ్గిపెట్టె కూడా ఊరికే ఇవ్వదమ్మా" అన్నాడు. "ఇల్లూ అంతే, కరెంటూ అంతే. అన్నీ పట్టుకున్నాకే కదా కవరు."

సంచీ అక్కడే వదిలేసి వచ్చేశాను. నేను కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆయన స్టోరు చూపించి, "ఏం కావాలన్నా తెచ్చుకో, డబ్బివ్వక్కర్లేదు" అన్నారు. నేను అదేదో మిల్లు మర్యాద అనుకున్నాను. కాలనీలో మా ఆడవాళ్ళమంతా దాన్ని మిల్లు సరుకనే అంటాం. మగవాడి జీతమంటే మాకు ఇంటికొచ్చిన కవరే. దానికి ముందు ఇంకో అంకె ఉంటుందని నా బుర్రకి తట్టనే లేదు. ఆయన కవరుని నా ఉత్తర్వు పక్కన పెట్టి రెట్టింపని ఎగిరాను. చేతికొచ్చినదాన్ని కాగితం మీదదాంతో పోల్చాను వదినా.

ఇంటికొచ్చేసరికి ఆయన పిడుగు చెప్పుకి మేకు కొడుతున్నారు.

"అసలు మీ జీతం ఎంత?" అన్నాను.

"ఇప్పుడెందుకు?"

"చెప్పండి."

"రెండువేల ఆరొందలు."

ఆయన చెప్పు కిందపెట్టి అప్పుడు నా వైపు చూశారు. ఇంటికి మూడువందల యాభై, కరెంటూ నీళ్ళూ తొంభై, స్టోరుకి నెలకి నాలుగొందలకి కాస్త తక్కువ, మిగతాది భవిష్యనిధీ బీమా. ఒక్కొక్కటీ చెప్పారు, తప్పు చేసినవాడిలా. ఇన్నేళ్ళూ ఆయన్ని "పదిహేను వందల మనిషి" అని నవ్వుతూనే, నలుగురిలోనే అన్నాను. ఒక్కసారి కూడా కాదనలేదు.

"ఎందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు." మళ్ళీ ఆయనే, "ఈ ఉద్యోగం వచ్చాక చెప్తే అడ్డం పడుతున్నాననుకుంటావని."

"చేతికి తక్కువొస్తుందని మీకు తెలుసా?"

"అంకె తెలీదు. తక్కువొస్తుందని తెలుసు."

"తెలిసే రాజీనామా ఇచ్చారా?"

"తొమ్మిదేళ్ళుగా ఆ వెనకగదిలో ఉన్నావు కదా" అన్నారు. మళ్ళీ చెప్పు తీసుకుని మేకు కొట్టుకోవడం మొదలుపెట్టారు.

వంటింట్లోకి వెళ్ళి కుండలన్నీ మళ్ళీ కడిగాను, కడిగినవే.

ఇప్పుడు మీ అంకెలతో చూశాను. ఇరవై రెండు నలభైలో అద్దె, కరెంటు, సరుకులు పోతే ఆరు వందలు కూడా మిగలదు. అందులోనే బడి, మందులు, బస్సులు. ఐదు నెలల అడ్వాన్సు ఎక్కణ్ణుంచి తేను? మీరు రాసిన మొదటి ఉత్తరంలోనే ఇదంతా ఉంది.

రాజీనామా కాగితాలు సోమవారం సాయంత్రం హెడ్డాఫీసుకి వెళ్తాయి. ఆ లోపల వెనక్కి అడగొచ్చట. ఆయన "ఇచ్చింది మళ్ళీ అడుక్కోవాలా" అంటున్నారు. నేను ఆ ఉద్యోగం వద్దని రాసేస్తానన్నాను. "రాస్తే ఊరుకోను" అన్నారు. గేజీ సూది కదిలింది వదినా, మొదటిసారి. ఏం చెయ్యమంటారు? మీ జవాబు సోమవారంలోపు రాదని తెలిసీ అడుగుతున్నాను.

మీ మరదలు


ఫిబ్రవరి 4

మరదలికి,

నీ రెండు తారీఖుల ఉత్తరం ఇప్పుడే చేతికొచ్చింది. సోమవారం వెళ్ళిపోయింది. అక్కడ ఏమైందో నాకు తెలీదు. అన్నం దిగడం లేదు. మీ అన్నయ్య రెండుసార్లు అడిగారు, కూర బాగాలేదా అని.

గేటు గురించి నన్ను తిట్టిన పేజీ దాచుకుంటున్నాను. నువ్వు చేసిన పళ్ళు నేను పెట్టుకునే వయసొచ్చాక తీసి చదువుతాను. పోనీలే. నీ చోట నేనుంటే ఇంకో రెండు పేజీలు రాసేదాన్ని.

నాకూ తెలీదే. వాడికి పదిహేను వందలనే నేనూ అనుకున్నాను. అందులోంచే అద్దె కట్టుకుంటూ, సరుకులు కొనుక్కుంటూ, పిల్లని చదివిస్తున్నాడంటే మీరిద్దరూ మహా పొదుపరులని, ఎక్కడో గట్టిగా దాచి ఉంటారని అనుకున్నాను. అందుకే ఎంతుందని అడిగాను. నువ్వు దాన్ని ఎత్తిపొడుపనుకున్నావు. మా తమ్ముడు నోరు తెరిచి ఒక్క అంకె చెప్పుంటే మనిద్దరికీ ఈ తలనొప్పి ఉండేది కాదు. చిన్నప్పుడూ అంతే. జ్వరమొస్తే ఒళ్ళు ముట్టుకుని చూడాలి, చెప్పడు.

వాడు కాగితం వెనక్కి తీసుకుని ఉంటే నేను చెప్పేది ఇది. ఉద్యోగం వదులుకోకు. నువ్వొక్కదానివే రా. వాడూ పిల్లా క్వార్టర్లోనే ఉంటారు. డిపాజిట్ పట్టుకునే ఆరు నెలలు గడవనీ, ఉద్యోగం ఖాయం కానీ, వాడికి ఇక్కడ పని చూద్దాం. అప్పుడు ముగ్గురూ రావచ్చు. ఇంటాయన దగ్గరికి ఇవాళ పొద్దున కుళాయి దగ్గరికే వెళ్ళి, "ఒక తల వస్తుంది" అన్నాను. "ఎన్నాళ్ళు?" అన్నాడు. "మీరు అరవై తీసుకున్నన్నాళ్ళు" అన్నాను. ఒప్పుకున్నాడు. ముందు గదిలో నా కుట్టుమిషన్ని గోడవైపు జరిపేశాను.

తీసుకోకపోయి ఉంటే నాకు ఏం తోచడం లేదు. ముగ్గురూ వచ్చెయ్యండి. ఇంటాయన మమ్మల్ని కూడా వెళ్ళగొడితే అందరం కలిసి వీధిలో కర్టెన్లు కట్టుకుందాం.

కళ్ళద్దాలావిడ నిన్న మా కొట్టుకొచ్చింది, కర్టెను గుడ్డకి. నన్ను గుర్తుపట్టింది. "మీ మరదలు వస్తోందా? మా అంతస్తులో కిటికీ పక్క బల్ల ఖాళీ అయింది, పట్టి ఉంచనా?" అంది. నువ్వు భయపడినట్టు ఎవరూ ఏమీ అనుకోలేదు. వాళ్ళంతా చేరేముందు అడగనందుకు తమని తామే తిట్టుకున్నవాళ్ళట.

తిరుగు టపాలో రాయి. ఒక్క ముక్కైనా సరే.

నీ వదిన


ఫిబ్రవరి 9

వదినా,

వెనక్కి తీసుకున్నారు.

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, తేలడానికి ఇన్నాళ్ళు పట్టింది. సోమవారం నేనూ ఆయన వెంట ఆఫీసుకి వెళ్ళాను. ఆయన వద్దన్నారు. "మీరు అడుక్కోవద్దు, నేను అడుగుతాను" అన్నాను. తీరా లోపలికి వెళ్ళాక నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టి ఆయనే అడిగారు. తలుపు తెరిచే ఉంది, అన్నీ వినబడ్డాయి.

"వెనక్కి ఇవ్వడానికి అభ్యంతరం లేదు. కానీ నీ స్థానంలో రెండో మనిషిని వేసేశాం. ఆ ఆర్డరు ఇప్పుడు మార్చలేను. అతని కింద చేస్తావా?" అన్నారు ఆఫీసరుగారు.

ఆ రెండో మనిషి ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. నేను బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

"చేస్తాను సార్" అన్నారు.

మర్నాడు షిఫ్టుకి మామూలు కంటే ముందే వెళ్ళారు. అతను ఈయన్ని చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. "కూర్చోవయ్యా, గేజీ చూసుకో" అన్నారట. ఇది ఆయన చెప్పలేదు, అతని భార్య వచ్చి చెప్పి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. నా ఉద్యోగం కోసం ఆయన ఒక మెట్టు కిందికి దిగారు వదినా. ఆ మెట్టు నాకు ఏ నెల కవర్లోనూ తిరిగిరాదు. అది మర్చిపోను.

మీరు చెప్పినట్టే చేస్తున్నాను. నేనొక్కదాన్నే వస్తాను. ఆయనే టికెట్టు తెచ్చారు. పిడుగు మొదట అలిగింది. తర్వాత నేను మైనంతో పన్ను చేసిచ్చాక బేరానికొచ్చింది. అది పెట్టుకుని అద్దం ముందు నవ్వి, నవ్వి, మింగేసింది. కంగారుపడకండి, మైనమేగా. నేను లేనప్పుడు జడ వేయడం ఆయనకి నేర్పిస్తున్నాను. బాయిలర్ వాల్వు తిప్పినట్టు మెలితిప్పుతున్నారు, పిల్ల గగ్గోలు పెడుతోంది. నెలాఖరుకి వస్తుందిలెండి.

నెలనెలా ఎంత పంపగలనో, ఎంత ఉంచుకోవాలో నిన్న ఇద్దరం కూర్చుని వేసుకున్నాం. ముందుగా ఇరవై రెండు నలభై రాశాను. ముప్ఫై రెండు వందలన్న మాట ఎక్కడా రాయలేదు. మీకు ఇవ్వాల్సింది కూడా వేశాను, అది వద్దనడానికి వీల్లేదు. చివర్న ఆయనది రాయాలి కదా, "ఈ కింది పోస్టులో మీ జీతం ఎంత?" అని అడిగాను.

ఆయన నా వైపు చూసి, "కాగితం మీదా, చేతికా?" అన్నారు.

మీ ఉత్తరం ఎప్పుడు చదివారో ఏమో. ముఖం అలాగే ఉంది, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. రెండూ చెప్పమన్నాను. రెండూ చెప్పారు. రెండూ రాసుకున్నాను.

కళ్ళద్దాలావిడతో ఆ కిటికీ పక్క బల్ల పట్టి ఉంచమని చెప్పండి. మీ కొట్టాయన పళ్ళ సెట్టు మొదటి ఆదివారమే చూస్తాను.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున్న బండి దిగుతాను. స్టేషన్‌కి రావద్దు, ఇల్లు నాకు తెలుసు. మీ ఇంటాయన మర్నాడు కుళాయి దగ్గర లెక్కపెట్టుకునేది ఒక్క తలే. మిగతా రెండూ ఇక్కడున్నాయి.

మీ మరదలు